బైండరు ఎడమ

ఫిబ్రవరి 4

కత్తెరమ్మకు,

మామయ్య రాస్తున్నాను. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వకు. మా ఫోను లైనంతా గరగరలే. పైగా ఈ కాలం పిల్లలు మాటలు నమిలి మింగేస్తారు, అందులో నువ్వు మొదటిదానివి. కొలతలు ఫోన్లో చెప్పేవి కావు. కాగితం మీద పెట్టిన అంగుళాన్ని ఎవరూ కాదనలేరు.

సంగతేమిటంటే, ఆసుపత్రిలో మాటల విభాగం వాళ్లు మీ అత్తయ్యకి ఒక ట్యాబ్లెట్ ఇచ్చారు. నేను దాన్ని పలక అంటున్నాను. అక్టోబరులో పక్షవాతం వచ్చినప్పుడు కుడి చెయ్యి, కుడి కాలు, నోరు మూడూ ఒకేసారి పోయాయని నీకు తెలుసు. బుర్ర మాత్రం చెక్కు చెదరలేదు. నేను టీలో పంచదార రెండో చెంచా వేస్తే ఇప్పటికీ కళ్లతోనే పట్టుకుంటుంది. ఈ పలక మీద బొమ్మలుంటాయి: నీళ్లు, ఆకలి, నిద్ర, నొప్పి, ఇల్లు, కన్ను, చెవి, కాలు. ఏది నొక్కితే ఆ బొమ్మ పెద్దదవుతుంది, లోపల ఏదో కీచుమంటుంది. కింద అక్షరాలు కూడా ఉన్నాయి గానీ, ఎడమ చేత్తో ఒక్కొక్కటే వెతికి నొక్కే ఓపిక ఆమెకింకా రాలేదు.

ఇప్పటికి మూడుసార్లు ఒడిలోంచి జారి కింద పడింది. ఒక మూల అద్దం బీటలిచ్చింది. మాటల డాక్టరమ్మ ఖరాఖండీగా చెప్పేసింది, ఇది పగిలితే ఇంకొకటి లేదు, మళ్లీ వరసలో ఏడాది ఆగాలని. అంటే మీ అత్తయ్య నోరు రెండోసారి పోవడమే. బజారులో దొరికే కేసు ఒక్కటీ దీనికి పట్టడం లేదు, ఆసుపత్రుల కోసం వేరే చేయించిన రకమట. నువ్వు చేసే ఉద్యోగమే అది కదా. ఒకటి చేసిపెట్టు.

కొలతలు రాసుకో. పొడవు తొమ్మిదింపావు అంగుళాలు, వెడల్పు ఆరున్నర, మందం అరంగుళానికి ఒక నూలు తక్కువ. కింది అంచు మధ్యలో ఛార్జింగ్ కన్నం. ఎడమ అంచున, పైనుంచి రెండంగుళాలు వదిలి, సన్నటి చీలికలు ఏడు. వెనక నున్నగా ఉంది. ఆమెకి పనిచేసేది ఎడమ చెయ్యొక్కటే, కాబట్టి మూత ఎడమ నుంచి తెరుచుకోవాలి, కేసు వెన్ను, అంటే మూత అతుక్కుని ఉండే అంచు, కుడివైపు ఉండాలి.

ఇంకో తలనొప్పి, తలది కాదు, చెవిది. వారం నుంచి రోజుకి పదిసార్లు చెవి బొమ్మ నొక్కుతోంది. చుక్కల మందు తెచ్చి మూడు పూటలా వేస్తున్నాను. వెయ్యబోతే తల తిప్పేసుకుంటుంది, చంటిపిల్ల నయం.

నీకన్నా నీ పార్శిలు కోసం ఎదురుచూస్తున్న
మామయ్య


ఫిబ్రవరి 11

మామయ్యా,

నీ ఉత్తరం మా ఆఫీసు చిరునామాకి వచ్చింది. కవరు మీద "కత్తెరమ్మ" అని రాశావు గనక, రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి అదెవరని అంతస్తంతా తిరిగి అడిగిందట. చిన్నప్పుడు నీ షాపులో చేతికందిన కాగితమల్లా కత్తిరించేదాన్నని ఇప్పుడు మా డిజైన్ సెక్షన్ మొత్తానికి తెలిసిపోయింది. సంతోషమేనా?

అందిన రోజే ఫోన్ చేశాను, గుర్తుందా? కేసు ఎలా ఉండాలో అత్తయ్యని అడుగు మామయ్యా అన్నాను. "అడుగేమిటే, తొమ్మిదింపావు అంగుళాలేనని రాశాగా" అని కసిరి పెట్టేశావు. నేను నవ్వలేక చచ్చాను. మీ లైను నిజంగానే పాడు. అందుకని రాతలో పెడుతున్నాను. అత్తయ్యని ఒక్కసారి అడుగు. బరువు ఎంతవరకు మోయగలదు, ఒళ్లో పెట్టుకుంటుందా, మంచం పక్కన బల్ల మీదా, మూత తియ్యడానికి బొటనవేలు వాడుతుందా. అవును, కాదు అనైనా చెబుతుంది కదా.

నా ఆలోచన ఇది. వెనకవైపు గట్టి పెంకు, నాలుగు మూలలా మెత్తటి దిండ్లు. పైన మూత మూడు మడతలు. ఆ మడతల్ని వెనక్కి తిప్పితే గుడారంలా నిలబడుతుంది, పలక ఏటవాలుగా ఆనుకుంటుంది. మూతలో చిన్న అయస్కాంతం, ఎడమ అంచున వేలు దూర్చడానికి నాలుక. వెన్ను మీదే ఎక్కువసార్లు పడుతుంది గనక అక్కడ నురుగు రెండింతలు వేస్తాను. భోజనం విరామాల్లో నేనే నా బల్ల మీద చేస్తాను, ఇంకొకళ్ల చేతికివ్వను.

పెన్సిలు పట్టుకోగానే నీ బైండింగ్ షాపు గుర్తొచ్చింది. మొదటి వేసవి, ముప్ఫై రికార్డు పుస్తకాలకి ఎడమ మూల చీటీలు అతికించమన్నావు. అతికించాను. సాయంత్రం వచ్చి చూసి మొట్టికాయలు వేశావు, ముప్ఫై చీటీలూ పీకించావు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వు బిల్లు రాస్తూ పైకి చదువుకునేవాడివి చూడు, వీధి చివరిదాకా వినపడేది. ఇప్పటికీ అంతేనా?

అత్తయ్య చెవి ఎలా ఉంది? డాక్టరుకి చూపించు, నీ సొంత వైద్యం ఆపు.

కత్తెర


ఫిబ్రవరి 17

కత్తెరమ్మా,

మూడు మడతలన్నావు, బాగుంది. మడతకీ మడతకీ మధ్య గాడి ఎంత వదులుతున్నావో రాయలేదు. అట్ట మందానికి రెండింతలు వదలాలి. తక్కువైతే మూత బిగుసుకుని నోరు తెరవదు, ఎక్కువైతే తాగినవాడిలా తూలుతుంది. నీకు ఉద్యోగమిచ్చినవాళ్లు చెప్పని సంగతి ఇది. మా గురువు నా చెవి పట్టుకుని చెప్పాడు, ఆ చెవి ఇప్పటికీ ఎర్రగానే ఉంటుంది.

ఆమెని అడగమన్నావు. నలభై ఏళ్లు కాపురం చేశాక అడగడానికి ఏముందమ్మా? ఆమెకి ఏం కావాలో ఆమెకన్నా ముందు నాకు తెలుస్తుంది. ఒళ్లోనే పెట్టుకుంటుంది, బరువు పరవాలేదు, బొటనవేలే వాడుతుంది. రాసుకో.

దీంతో పుస్తకాల అట్టలకి వేసే మెరూన్ కాలికో గుడ్డ ఒక గజం పంపుతున్నాను. షాపులో మిగిలిన ఆఖరి ముక్క. అక్టోబరు నుంచి షాపు తియ్యలేదు, కటింగ్ మిషన్ మీద పాత దుప్పటి కప్పాను. మీ అత్తయ్య ఈ రంగు చూసినప్పుడల్లా ఇది రవికకి బాగుంటుంది, పుస్తకాలకి వేస్ట్ చేస్తున్నారనేది. ఇప్పుడు ఆమె పలకకే రవిక కుట్టు.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దీపం పెట్టి రెండు చెవులూ చూశాడు, అద్దంలా ఉన్నాయన్నాడు. ఇంకా ఏదో గొణిగాడు, అతనూ మాటలు మింగే బాపతే. ఇంటికొచ్చాక మీ అత్తయ్య మళ్లీ చెవి నొక్కింది. చుక్కల సీసా తీశాను. ఎడమ చేత్తో ఒక్క తోపు తోసింది, సీసా వెళ్లి గోడకి తగిలింది. ఒకప్పుడు నోట్లో నాలుక లేని మనిషి. ఇంత కోపం ఎక్కడ దాచుకుందో అర్థం కాలేదు.

మామయ్య


మార్చి 2

మామయ్యా,

ఉత్తరం కేసు లోపల జేబులోనే పెట్టాను. ముందు ఇది చదువు, ఆ తర్వాత తెరువు, తొందరపడి లాగకు.

గాడి నువ్వు చెప్పినట్టే రెండింతలు వదిలాను. ముందు ఒకటిన్నరింతలతో చేస్తే నిజంగానే నోరు తెరవలేదు, పారేసి మళ్లీ చేశాను. మా మేనేజరు ఆ గాడి చూసి ఇదెక్కడ నేర్చుకున్నావంటే, మా మామయ్య ఎర్రచెవి గురించి చెప్పాను. నీ కాలికోనే పైన వేశాను. అంచులు మడిచి అతికించేటప్పుడు మూలల దగ్గర నీ పద్ధతే, గోటితో నొక్కి, కత్తెరతో పక్కకి కోసి.

వెన్ను కుడివైపు, నురుగు రెండు పొరలు. ఎడమ అంచున పైనుంచి రెండంగుళాల దగ్గర నీ చీలికలకి ఎదురుగా ఏడు సందులు కోశాను. వాటికి అడ్డం పడకుండా మూత నాలుక కిందికి దించాను. నడుమెత్తు మీంచి సిమెంటు నేల మీద ఇరవైసార్లు పడేసి చూశాను, లోపల పెట్టిన అద్దం ముక్క చెక్కుచెదరలేదు. బిగువుగా పట్టేలా చేశాను గనక ఒకసారి దూర్చాక మాటిమాటికీ బయటికి తియ్యద్దు, పెంకు వదులైపోతుంది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఉందన్నావు కదా, ఆ అమ్మాయిచేత పెట్టించు.

అత్తయ్య మొదటగా ఏం మాట్లాడిందో రాయి. నాకు అదే కూలి.

కత్తెర


మార్చి 10

కత్తెరమ్మా,

పార్శిలు అందింది. అట్టంతా తిప్పి తిప్పి చూశాను. మూలల దగ్గర ఒక్క ముడత లేదు. షాపులో ఉంటే నీకు నా కుర్చీ ఇచ్చేవాణ్ణి. ఎడమ పక్క గాలాడటానికి సందులు పెట్టావు, అది కూడా బాగా ఆలోచించావు. యంత్రమన్నాక వేడెక్కుతుంది, ఊపిరాడాలి.

వ్యాయామం అమ్మాయి పలకని అందులో దూర్చి ఇచ్చింది. ఆ అమ్మాయి వారానికి రెండు పొద్దులే వస్తుంది, కాళ్లూ చేతులూ ఆడించి వెళ్లిపోతుంది. మిగతా రోజంతా మేమిద్దరమే. మీ అత్తయ్య కాలికో మీద వేలుపెట్టి రుద్దింది, నా వంక చూసింది. సంతోషించిందనే అనుకున్నాను.

ఇప్పటిదాకా ఒక్కసారీ పడలేదు. నీ మాట నిలబెట్టుకున్నావు. ఒక్కటే చిన్న సంగతి. మూతపడిపోతోంది. తెరిచిన కాసేపటికే మూత వచ్చి పడుతోంది, ఇక రోజంతా మూసే ఉంటోంది. నీ పనికి వంక పెట్టాలని కాదు.

నువ్వడిగావు గనక రాస్తున్నాను, మొదటగా ఏం మాట్లాడిందో నాకు తెలియలేదు. వరసగా నాలుగైదు బొమ్మలు నొక్కింది, నేను కళ్లజోడు పెట్టుకునేలోపు మారిపోయాయి.

మామయ్య


మార్చి 16

మామయ్యా,

మూత దానంతటది పడటమేమిటి? నేను రెండొందలసార్లు తెరిచి మూసి చూశాను. గాడి రెండింతలు వదలమన్నది నువ్వే. నిజం చెప్పాలంటే నాకు కొంచెం బాధేసింది. వంక పెట్టడం లేదంటూనే పెట్టావు, నీకిది అలవాటే.

అయినా తప్పు నాదే కావచ్చు. అయస్కాంతం బలం ఎక్కువై లాగేస్తోందేమో. అందుకని రెండోది చేసి పంపుతున్నాను. ఇందులో అయస్కాంతం సగం చేశాను, మడత కొంచెం బిగించాను, ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. మిగతాదంతా మొదటిదానిలాగే. గుడ్డ మాత్రం మా కంపెనీది, బూడిద రంగు, నీ మెరూన్ అయిపోయింది. ఇది కూడా పడిపోతే ఏ పూట, ఏ కోణంలో పడుతోందో రాయి. బాగుందని ఒకసారి, బాలేదని ఒకసారి అంటే నేనేం చెయ్యను?

గాలి సందులన్నావు చూడు, అది చదివి నవ్వుకున్నాను. మాటని గాలి అనడం నీకే చెల్లింది.

అత్తయ్య దగ్గర్నుంచి ఒక్క ముక్కా రాయట్లేదేమిటి? నామీద కోపమా ఆవిడకి?

కత్తెర


మార్చి 28

అమ్మాయీ,

రెండోది పెట్టెలోంచి తియ్యలేదు. తియ్యను కూడా. నీ మడతలో తప్పు లేదు, నీ అయస్కాంతంలో తప్పు లేదు. మూత దానంతటది పడటం లేదు. మీ అత్తయ్య మూసేస్తోంది. నా మొహం మీదే మూసేస్తోంది. ఆ మాట నీకు రాయడానికి నామోషీ అయ్యి వేరేగా రాశాను.

మొదటి రెండు రోజులూ ఏవో నొక్కింది. నేను వెళ్లి కూర్చుని, ఏం కావాలి, ఏం కావాలి అని అడుగుతాను. నా మొహం చూస్తుంది, మళ్లీ నొక్కుతుంది, మళ్లీ చూస్తుంది. చివరికి టప్పున మూసి గోడవైపు తిరుగుతుంది. మూడో రోజు నుంచి నొక్కడమే మానేసింది. కూర్చుని వెన్ను మీద గోటితో గీకుతుంది. అదేపనిగా గీకుతుంది, నా కళ్లలోకి చూస్తూ. కాలికో పోగులు లేచిపోయాయి. బైండరు పెళ్లాం పుస్తకం వెన్ను గీకడమంటే అర్థమేమిటో నాకు తెలియదా? నామీద కసి, అంతే.

ఆ కసి ఎందుకో కూడా నాకు తెలుసు. నీకొక్కదానికే చెబుతున్నాను, ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆమె వంటింట్లో పడిపోయినప్పుడు నేను ముందు గదిలో, షాపులో ఉన్నాను. డాక్టర్లకీ చుట్టాలకీ అందరికీ కటింగ్ మిషన్ నడుస్తోంది, అందుకే పిలుపు వినపడలేదని చెప్పాను. మిషన్ నడవడం లేదమ్మా. ఆ పొద్దున కరెంటే లేదు. నేను పుస్తకాలకి దారం కుడుతున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. గంట తర్వాత నీళ్ల కోసం లేచి వెళ్తే నేల మీద ఉంది. గంట ముందు తెచ్చుంటే మాట దక్కేదేమోనని ఆసుపత్రిలో అన్నారు. పక్కింటావిడ తర్వాత పలకరించడానికి వచ్చి, మీ ఆవిడ రెండుసార్లు పిలవడం మా పెరట్లోకి వినపడింది, మీరున్నారు కదాని ఊరుకున్నాను అంది. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. గోడవతల మనిషికి వినపడింది, నాకు వినపడలేదు. నేను పనిలో పడితే ఒళ్లు తెలియదు, అదీ నా రోగం.

చెవి, చెవి అని నొక్కింది చూడు, అది నొప్పి కాదు. నీకు చెవులు లేవా అని. ఇప్పుడర్థమైంది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఇలాంటివాళ్లని చూసుకునే సంరక్షణ కేంద్రం ఒకటుంది, వెళ్లి చూశాను. శుభ్రంగా ఉంది, కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. ఏప్రిల్ పదిహేనున తీసుకొస్తామని చెప్పాను. నా మొహం చూడకుండా ఉంటే ఆమెకి కొంచెం మనశ్శాంతి. వేరే దారి లేదు.

ఆమె మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. కళ్లు మూసుకుని పడుకునుంది. నువ్వు ఫోన్ చెయ్యకు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఆ లైనులో ఏమీ వినపడి చావదు.

మామయ్య


ఏప్రిల్ 2

మామయ్యా,

ఇది చదివేటప్పుడు పక్కన కత్తి పెట్టుకో. తోలు కోసే సన్నకత్తి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి నీమీద కోపమొచ్చింది. మూడోసారి "వెన్ను మీద గోటితో" అన్నచోట ఆగిపోయాను. వెన్ను కుడివైపుంది. నువ్వన్న సందులు ఎడమవైపున్నాయి. అత్తయ్యకి నీమీద కసి అయితే అట్టంతా గీకాలి గానీ, ఆ ఒక్కచోటే ఎందుకు? అప్పుడు నా ముప్ఫై చీటీలు గుర్తొచ్చాయి, ఇన్నేళ్ల తర్వాత.

మామయ్యా, నువ్వు పుస్తకం ఎప్పుడూ బోర్లా పెట్టుకుని పని చేస్తావు. మొహం మీద గీత పడకూడదని. నీ ఎడమ బోర్లా పెట్టిన ఎడమ, చదివేవాడికి అది కుడి. ఆనాడు నేను చదివేవాళ్ల ఎడమ మూలన చీటీలు అంటించి మొట్టికాయలు తిన్నాను. ఈ పలకని కూడా నువ్వు గుడ్డ పరిచి బోర్లా పెట్టే కొలిచుంటావు, ఒట్టేసి చెప్పగలను. చీలికలు ఎడమ అని రాశావు. చేతి సంగతి వచ్చేసరికి మాత్రం అత్తయ్య వైపు నుంచి చూసి వెన్ను కుడి అన్నావు. ఒకే ఉత్తరంలో రెండు రకాల కుడి ఎడమలు. నేను బైండరు దగ్గర పెరిగినదాన్ని, నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

అవి గాలి కోసం కాదు. ఆ ఏడు చీలికల్లోంచే మాట వస్తుంది. వాటికి ఎదురుగా ఇప్పుడు నా వెన్ను, రెండు పొరల నురుగు. పలక పగలకూడదని నేనే స్వయంగా అత్తయ్య నోట్లో గుడ్డలు కుక్కాను. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, బయటికి రావడం లేదు. గీకి చూపించింది. ఇద్దరం చేతిపని తెలిసినవాళ్లమే, ఒక్కరికీ అర్థం కాలేదు.

వెన్ను మీద పైనుంచి రెండంగుళాల దగ్గర, రెండంగుళాల పొడుగున కొయ్యి. నురుగు మొత్తం పీకెయ్యి. నా పని పాడవుతుందని చూడకు.

ఇక రెండో మాట. నువ్వు నన్ను కొట్టినా సరే, రాస్తాను. నురుగు అడ్డం పడింది మార్చిలో. ఫిబ్రవరిలో ఏమీ అడ్డం లేదు, అయినా నీకు కీచుమనడమే వినపడింది. డాక్టరు గొణిగాడన్నావు, నేను మాటలు మింగుతానన్నావు, అడుగు అంటే అంగుళాలన్నావు. మీ ఫోను లైను బాగానే ఉంది మామయ్యా. నీకు వినపడదు. ముప్ఫై ఏళ్లు ఆ మిషన్ పక్కన నిలబడ్డావు. ఆ రోజు కూడా నువ్వు పనిలో పడి ఒళ్లు మరిచిపోలేదు, నీకు వినపడలేదు, అంతే. అది పాపం కాదు. కానీ తెలిశాక కూడా చూపించుకోకపోతే అది పాపమే.

అత్తయ్య చెవి బొమ్మ నొక్కింది తన చెవి కోసం కాదు, నిన్ను తిట్టడానికీ కాదని నా నమ్మకం. కానీ నా నమ్మకంతో పనేముంది? ఆ మంచం సంగతి ఆవిడకి చెప్పావా అసలు? పదిహేనో తారీకు లోపల, ఈసారైనా, అత్తయ్యని అడుగు.

కత్తెర


ఏప్రిల్ 18

కత్తెరమ్మకు,

నీ ఉత్తరం ఏడో తారీకున అందింది. చదివి ముందు కోపంతో చించబోయాను. ఆ తర్వాత కత్తి తెచ్చాను. నా చేత్తో ఒక పుస్తకం వెన్ను కొయ్యడం ఇదే మొదటిసారి. స్కేలు పెట్టి గీత గీసుకుని కోశాను. మీ అత్తయ్య మంచం మీంచి లేచి కూర్చుని చూస్తోంది. నురుగు పీకేసరికి లోపల ఏడు చీలికలూ కనపడ్డాయి, వరసగా, కుడి అంచున. అప్పుడు పలకని తీసి గుడ్డ మీద బోర్లా పెట్టాను. ఎడమకొచ్చాయి. నలభై ఏళ్ల చేతిపని, ఒక్క మాటకి నవ్వులపాలైంది. మీ అత్తయ్య ఎడమ చేత్తో నా తల మీద ఒక్కటి వేసింది. నీ ముప్ఫై చీటీల మొట్టికాయ అనుకో.

కానీ నీ రెండో మాట కూడా నిజమే. పలక మళ్లీ పెట్టాక ఆమె ఒక బొమ్మ నొక్కింది. నీ మాట నిజమో కాదో చూద్దామని కళ్లు మూసుకున్నాను. ఏదో పిట్ట కూసినట్టు అనిపించింది, అంతకన్నా ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే వ్యాయామం అమ్మాయి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, అమ్మగారు నీళ్లడుగుతున్నారు కదండీ, ఇవ్వరేం, అంది. నేను మంచానికి జానెడు దూరంలో కూర్చున్నాను.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి అతను గట్టిగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొన్న మీ ఆవిడకి చూస్తున్నంతసేపూ ఆవిడ మీవైపే వేలు చూపించింది, మీకు చూపించుకోమని అప్పుడే చెప్పాను, మీరు తలూపి వెళ్లిపోయారు అన్నాడు. నేను వినపడనివాటికి తల ఊపుతానట. ఎన్నేళ్లుగా ఎన్నింటికి ఊపానో ఏమో. కుడి చెవి ముప్పాతిక పోయిందట, ఎడమది సగం. రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. బయటికొస్తే నా చెప్పుల చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను.

పదమూడో తారీకున, ఇంక రెండు రోజులే ఉండగా, ఆమె ఎదురుగా కూర్చుని అడిగాను. ఫలానా చోట మంచం మాట్లాడాను, నీకు వెళ్లాలని ఉందా, అని. ఆమె మూత తీసింది. బొమ్మల జోలికి పోలేదు, అక్షరాల దగ్గరికి వెళ్లింది. ఒక్కో అక్షరం వెతికి, తప్పు నొక్కి, చెరిపి, మళ్లీ నొక్కి. తర్వాత పలక మాట్లాడింది. ఎవరో కుర్రపిల్ల గొంతు, కానీ స్పష్టంగా వినపడింది.

"అరవకండి."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆర్నెల్లుగా నాకు వినపడక నేను అరుస్తున్నాను, మాట లేనిదని ఆమె మీద అరుస్తున్నాను. ఆమెకి చెవులు శుభ్రంగా ఉన్నాయి. గొంతు తగ్గించి మళ్లీ అడిగాను. ఇల్లు బొమ్మ నొక్కింది. ఒకసారి కాదు, నేను చాలు అనేదాకా. మంచం వద్దని ఆ కేంద్రానికి అప్పుడే కబురు పంపాను.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను, కానీ నిన్న జరిగింది నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను?

నేను రాస్తూ పైకి చదువుకుంటానని ఫిబ్రవరిలో నువ్వు వెక్కిరించావు. పెదవులు కదులుతాయంతే అనుకునేవాణ్ణి. మార్చి ఇరవై ఎనిమిదిన నీకు రాసిన ఉత్తరం ఆమె మంచం పక్కన కూర్చుని రాశాను. కరెంటు లేకపోవడం, మిషన్ ఆగి ఉండటం, పక్కింటావిడ రెండుసార్లు వినడం, అంతా పైకి చదివాను. ఆమె నిద్రపోవడం లేదు.

నిన్న మధ్యాహ్నం చెయ్యి ఊపి పిలిచి కూర్చోమంది. పలక గుడారంలా నిలబెట్టుకుని మొదలుపెట్టింది. ఎండ మంచం కాళ్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా జరిగింది, ఆమె ఇంకా నొక్కుతూనే ఉంది. సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది. పూర్తయ్యాక నా మొహంలోకి చూసి, ఆఖరి గుర్తు నొక్కింది.

"ఆ రోజు నేను పిలవలేదు. అప్పటికే మాట పోయింది."

పక్కింటావిడకి నాతో అబద్ధమాడాల్సిన అవసరం లేదు. రెండుసార్లు వినపడిందని ఆవిడ ఏడుస్తూ చెప్పింది. మీ అత్తయ్య పిలిచింది, నాకు తెలుసు. ఆర్నెల్ల తర్వాత మాట చేతికందితే, అరపూట కష్టపడి ఒక్కొక్క అక్షరం ఏరుకుని, నా కోసం అబద్ధం ఆడింది. నేను నమ్మానో లేదోనని నా కళ్లలోకే చూస్తోంది.

సరే అన్నాను. మెల్లగానే అన్నాను.

మామయ్య